ఫార్మాట్ కొట్టే ముందు ఆ డంప్ ఫైలు ఒకసారి చూడండి

కంప్యూటర్‌లో బ్లూ స్క్రీన్ (ఎర్రర్ కోడ్‌తో నీలం తెర వచ్చి అంతా ఆగిపోవడం) వస్తోందని అనడమే తరువాయి, పక్కనున్నవాళ్ళు "ఫార్మాట్ కొట్టెయ్" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెర మీద ఏ కోడ్ వచ్చిందో అడగరు. ఎప్పుడు వస్తోందో, కొత్తగా ఏం పెట్టారో అడగరు. ఉన్నవన్నీ తుడిచేసి, విండోస్ మళ్ళీ ఎక్కించి, "కొత్తదానిలా అయిపోయింది" అనేసి చేతులు దులుపుకుంటారు. నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ అదే నీలం. అప్పుడు వచ్చే మాట "మదర్‌బోర్డు పోయినట్టుంది". ఇదీ ఊహే.

అసలు బ్లూ స్క్రీన్ అంటే కంప్యూటర్ చచ్చిపోవడం కాదు. విండోస్ కెర్నెల్, అంటే విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం, తనంతట తానే పని ఆపేయడం. లోపల ఏదో పాడైంది, ఇలాగే ముందుకెళ్తే డిస్కు మీద ఉన్న ఫైళ్ళు కూడా పాడవుతాయి అని తేలినప్పుడు అది కావాలనే ఆగిపోతుంది. ఆగే ముందు, ఆ క్షణంలో ఏం నడుస్తోందో ఒక ఫైల్లో రాసి పెడుతుంది. అదే డంప్ ఫైలు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిస్తే అందులో మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి అవి. ఫార్మాట్ కొట్టడమంటే పోలీసులు రాకముందే దొంగతనం జరిగిన ఇల్లు కడిగేయడం.

మైక్రోసాఫ్ట్ మీదా నాకు కోపమే. 2012లో విండోస్ 8తో ఆ నీలం తెర మీద ఒక ఏడుపు ముఖం పెట్టారు. 2016లో దానికి క్యూఆర్ కోడ్ తగిలించారు, స్కాన్ చేస్తే ఎవరికైనా వచ్చే అదే సహాయ పేజీ. 2025లో విండోస్ 11లో తెరను నల్లగా మార్చి ఆ రెండూ తీసేశారు. రంగు సంగతి నాకెందుకు? కోడ్ చదివేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది చూశారా, అసలు బాధ అదీ. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్ళి, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్కు తీసేయండి. ఇక మీరు బటన్ నొక్కేదాకా తెర అలాగే నిలిచి ఉంటుంది. ఇది మొదటి నుంచీ ఎందుకు ఇలా లేదో నాకు అర్థం కాదు.

ఇంకొందరు ఉంటారు, కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తారు. అక్కడ ఎర్ర గుర్తుతో 'కెర్నెల్ పవర్ 41' కనిపిస్తుంది. పేరులో పవర్ ఉంది కదా అని వెంటనే ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే డబ్బా) మార్పించేస్తారు. ఆ 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. ఎందుకు కాలేదో అది చెప్పదు. డంప్ లేదు, నీలం తెరా లేదు, ఉన్నట్టుండి టక్కున ఆరిపోతోంది అంటే అప్పుడు కరెంటు వైపు అనుమానించడంలో అర్థముంది.

మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఫార్మాట్ కొట్టించినా వస్తోంది. కొత్తది కొనాల్సిందే అంటున్నారు."

"కోడ్ ఏమొస్తోందిరా?"

"ఒక్కోసారి ఒక్కోటి."

ఆ ఒక్క జవాబులోనే సగం సంగతి ఉంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. తప్పు ఒక డ్రైవర్‌ది (ఏదైనా పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రామ్) అయితే మామూలుగా అదే కోడ్, అదే ఫైలు పేరు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఇలా పొంతన లేకుండా వస్తుంటే ముందు ర్యామ్‌ని, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీని, అనుమానించాలి. ఇంకా అడిగితే, బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతట అవే కూలిపోతున్నాయి, పెద్ద జిప్ ఫైళ్ళు విప్పుతుంటే పాడైపోయాయని ఎర్రర్ వస్తోంది అన్నాడు. పాపం, ఇవి వేరే జబ్బులనుకున్నాడు. అన్నీ ఒకటే.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాంతో బూట్ చేసి రాత్రంతా వదిలేయమన్నాను. విండోస్‌లోనే ఒక మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, కానీ అది పైపైన చూసి బాగుందనేస్తుంది. దాని సర్టిఫికెట్‌ని నేను నమ్మను. పొద్దున్నకి తెర నిండా ఎర్ర గీతలు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్, ఆపి మళ్ళీ చూడమన్నాను. చాలామందికి తెలియదు, డీడీఆర్4 రకం ర్యామ్‌కి ప్రమాణ వేగం 3200 దగ్గరే ఆగిపోతుంది. డబ్బా మీద 3600 అని ఉందంటే ఆ పైదంతా ఓవర్‌క్లాకింగే (ప్రమాణం మించి పరిగెత్తించడమే), ప్రతి ప్రాసెసరూ దాన్ని మోయాలని లేదు. వాడి విషయంలో అదీ కాదు, ఆపినా ఎర్రర్లు పోలేదు. ఇక రెండు ర్యామ్‌లలో ఒకటి తీసి ఒకే స్లాట్‌లో ఒక్కోదాన్నీ విడిగా పెట్టి చూస్తే ఒకదాంట్లోనే తప్పులు. స్లాట్ మార్చినా అదే. పాపం స్లాట్‌ది కాదు, ఆ ర్యామ్‌దే. ఆ ఒక్కటీ తీసేశాక కంప్యూటర్ దాని పని అది చేసుకుంటోంది. వాడి ఫోటోలు మాత్రం మొదటి ఫార్మాట్‌లోనే పోయాయి.

డ్రైవర్ల సంగతి వేరు. విండోస్ 7 నాటి క్రాష్‌లు పరిశీలించి మైక్రోసాఫ్టే చెప్పింది: 70 శాతం బయటి కంపెనీల డ్రైవర్ల వల్ల, 10 శాతం హార్డ్‌వేర్ వల్ల, తమ సొంత కోడ్ వల్ల 5 శాతమే అని. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్ నడిచేది కెర్నెల్‌లో, అది తప్పు చేస్తే మొత్తం ఆగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరకి వచ్చి ఆగిపోయాయి. ఇంట్లో కంప్యూటర్‌లో మాత్రం ఏం తక్కువ? యాంటీవైరస్, వీపీఎన్, ఫ్యాన్ లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్, గేమ్‌లతో వచ్చే, మోసాలు పట్టే యాంటీ చీట్, వీటిలో చాలావరకు చడీచప్పుడు లేకుండా కెర్నెల్‌లోకి ఒక డ్రైవర్‌ని దింపుతాయి. వీటికి తోడు "మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి" అని భయపెట్టే డ్రైవర్ అప్‌డేటర్లు. వాటిని ఇంట్లోకి రానివ్వకండి. గ్రాఫిక్స్ డ్రైవర్ కావాలంటే ఆ కార్డు చిప్ చేసిన కంపెనీ సైట్‌కే వెళ్ళండి.

డంప్ చదవడం బ్రహ్మవిద్యేమీ కాదు. బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. ఇంకా లోతుగా కావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ. అందులో ఎన్‌టీఓఎస్‌కెర్నెల్ (ntoskrnl.exe) పేరు కనబడగానే విండోస్ పాడైందని తీర్మానించకండి. అది కెర్నెల్, క్రాష్ జరిగిన చోట దాని పేరు ఉండటం సహజం. దాని పక్కన తరచుగా కనిపించే బయటి పేరు ఎవరిదో చూడండి. డ్రైవర్లని కావాలనే ఒత్తిడి పెట్టి పరీక్షించే డ్రైవర్ వెరిఫయర్ ఇంకా కచ్చితంగా పట్టిస్తుంది కానీ రీస్టోర్ పాయింట్ పెట్టుకోకుండా దాని జోలికి పోవద్దు. కొన్నిసార్లు బూట్ కాకుండానే మళ్ళీ మళ్ళీ క్రాష్ చేయిస్తుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి దాన్ని రీసెట్ చేయాల్సి వస్తుంది.

కొన్ని తప్పులకి విండోస్‌తో సంబంధమే ఉండదు. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి వోల్టేజ్ ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య వచ్చింది. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) సవరణలు విడుదల చేసి, వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచింది. ఆ సవరణ బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అది బాగుచేయదు, మార్పించుకోవాలి. అలాంటి కంప్యూటర్‌ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేస్తే ఏం లాభం?

ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే విండోస్ కమాండ్ నడపండి, తప్పులేదు. అయితే అది సిస్టమ్ ఫైళ్ళు సరిచేస్తుంది తప్ప ర్యామ్‌ని సరిచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకేసారి అన్నీ మార్చకండి. ఒకటి మార్చి, కొన్నాళ్ళు వాడి, తర్వాత ఇంకోటి. విసుగే, కానీ అన్నీ కలిపి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, మళ్ళీ వస్తే ఎక్కడికి పోవాలో అంతకన్నా తెలియదు.

ఫార్మాట్‌కి ఒక్క ఉపయోగం ఒప్పుకుంటాను. బ్యాకప్ తీసుకుని, వీలైతే వేరే డ్రైవ్ మీద, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వేయకుండా ఉత్త విండోస్ ఎక్కించి నాలుగు రోజులు నడపండి. అప్పుడూ క్రాష్ అయితే హార్డ్‌వేర్ వైపే వెతకాలి. అది పరీక్ష, మందు కాదు.

నన్ను అడగదల్చుకున్నవాళ్ళు మినీడంప్ ఫోల్డర్ జిప్ చేసి పంపండి. వణికిపోయిన తెర ఫోటోలు వద్దు. మెమరీ డంప్ అని పక్కనే ఒక పెద్ద ఫైలు ఉంటుంది, దాన్ని మాత్రం నాకే కాదు, ఎవరికీ పంపకండి. క్రాష్ సమయంలో మెమరీలో ఉన్నవి, మీ పాస్‌వర్డులతో సహా, అందులో ఉండొచ్చు.