కోతుల తరఫున వకాల్తా

ఏ కేసులోనైనా ఇరుపక్షాల వాదనా వినాలంటారు. టెంపుల్ రన్ అనే ఫోన్ ఆట కేసులో మాత్రం 2011 ఆగస్టు నుంచి ఒక పక్షమే మాట్లాడుతోంది. గుడిలో బంగారు విగ్రహం ఎత్తుకుని పారిపోతున్నవాడు హీరో, వాణ్ణి పట్టుకోవడానికి వెంటపడిన కోతులు రాక్షసులు. ప్రపంచమంతా ఈ తీర్పుకు తలూపిందంటే సర్దుకుపోవచ్చు, వాళ్ల గొడవ వాళ్లది. తిరుపతిలో కూడా, బస్టాండు బెంచీల మీదా, టోకెన్ల క్యూలోనూ, గోవిందరాజస్వామి గుడి పక్క సందుల్లోనూ పిల్లలు దొంగ పక్షాన వేళ్లు అరగదీస్తున్నారంటే మాత్రం అది శాంతిభద్రతల సమస్య. అందుకే ఈ వకాల్తా.

కేసు పూర్వాపరాలు ఇవీ. అమెరికాలో నార్త్ కరోలినాలోని ర్యాలీ అనే ఊళ్లో కీత్ షెపర్డ్, నటాలియా లక్యనోవా అనే భార్యాభర్తలు ఇమాంగి స్టూడియోస్ పెట్టి ఈ ఆట తయారుచేశారు. మొదట ఐఫోన్‌లో 99 సెంట్లకు అమ్మి, తర్వాత ఉచితం చేశారు. ఉచితమనగానే జనం ఎట్లా ఎగబడతారో మన ఊరివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2013 జనవరిలో రెండో భాగం వచ్చింది. రెండు వారాలు తిరక్కముందే 5 కోట్ల డౌన్‌లోడ్లు. 2014లో ఈ ఆటలన్నీ కలిపి 100 కోట్లు దాటాయి. అంటే తక్కువలో తక్కువ నూరు కోట్ల సార్లు విగ్రహం గుడి దాటింది. ఒక్క ఎఫ్ఐఆర్ లేదు.

ముద్దాయి పేరు గై డేంజరస్. అలిపిరి తనిఖీ దగ్గరైతే ఆ పేరు వినగానే పక్కన నిలబెట్టి సంచి విప్పమనేవాళ్లు. ఇతగాడు ఒంటరివాడు కూడా కాదు. పరుగు దారిలో ఏరిన నాణేలు కూడబెడితే ముఠాలో మిగతావాళ్లను కొనుక్కోవచ్చు. అందులో బ్యారీ బోన్స్ ఉద్యోగరీత్యా పోలీసు. ఫ్రాన్సిస్కో మోంటోయా స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చినవాడు, గుళ్ల బంగారం ఆయన వంశానికి కొత్త కాదు. జాక్ వండర్ ఫుట్‌బాల్ ఆటగాడు. పోలీసూ, పరదేశి సేనానీ, క్రీడాకారుడూ వంతులవారీగా ఒకే విగ్రహాన్ని మోసుకుపోతుంటే అడ్డుపడడానికి ఆ కోతులు తప్ప ఇంకెవరున్నారు?

నేరస్థలం కూడా చూడాలి. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మెట్టుమెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, నడుం పట్టేసినా వంగిలేస్తూ పైకి పోయే ఆడవాళ్లు మనకు రోజూ కనబడతారు. వాళ్లు దారి పొడవునా పెట్టుకుంటూ పోతారు, ఈ దొంగ నాణేలు ఏరుకుంటూ పోతాడు. పోనీ పోయి ఎక్కడికైనా చేరతాడా అంటే అదీ లేదు. మనం కంపార్ట్‌మెంటులో ఎన్ని గంటలు కూర్చున్నా చివరికి కళ్లు మూసి తెరిచేంతసేపైనా దర్శనం దొరుకుతుంది, "జరగండి, జరగండి" అని నెట్టేవాళ్లయినా ఉంటారు. పాపం, ఆయన్ను నెట్టే దిక్కు కూడా లేదు.

అసలు అన్యాయం రెండో భాగంలో జరిగింది. మొదటి ఆటలో కాపలాకు కోతుల గుంపు ఉండేది. రెండో ఆటకు ఆ గుంపును తీసేసి ఒకే ఒక్క పెద్ద కోతిని వేశారు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు. రిటైరైనవాళ్ల ఖాళీలు నింపరు, మిగిలినవాడి నెత్తిన అందరి ఫైళ్లూ పెడతారు. ఆ కోతికి ఒళ్లు పెంచారు గానీ జీతం పెంచినట్టు ఎక్కడా లేదు. కాంట్రాక్టు కిందే తీసుకుని ఉంటారని నా అనుమానం. షిఫ్టు మారదు, వారపు సెలవు లేదు, కొండల నడుమ గాల్లో వేలాడే దారుల్లో అంత శరీరం మోసుకుని పరిగెత్తాలి. దొంగకు మాత్రం తాడు పట్టుకుని జారిపోయే వసతి, గనుల్లో కూర్చుని పోయే బండి. ఆ బండిలో కోతికి సీటు లేదు. నిలబడి పోతానన్నా ఎక్కించుకోరు.

తర్వాత రత్నాల సంగతి. మొదటి ఆటలో దొంగ పడిపోతే, ముందుగా నాణేలిచ్చి తిరిగి లేపే రెక్కలు కొనిపెట్టుకుని ఉంటే తప్ప, కథ అక్కడితో సరి. రెండోదాంట్లో పట్టుబడ్డాక ఒక రత్నం చెల్లిస్తే చాలు, లేచి దుమ్ము దులుపుకుని పరిగెత్తొచ్చు. మళ్లీ పట్టుబడితే రెండు, ఆపైన నాలుగు, ఎనిమిది. రత్నాలు నిండుకుంటే అసలు సిసలు డబ్బుతో కొనుక్కోవచ్చు. దీన్ని బెయిలనాలో ఇంకేమనాలో చిత్తూరు కోర్టు బయట టీ తాగే వకీళ్లు తేల్చాలి. నాకు తెలిసిందల్లా ఒకటే. కష్టపడి పట్టుకున్న కోతి కళ్లముందే సొమ్ము చేతులు మారుతుంది. అందులో కోతికి వాటా కూడా రాదు. ఇంత నిజాయితీగల కాపలా సిబ్బందిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కల్పితానికి ఇంత ఆవేశమా అంటారేమో. పక్కన తమిళనాడులో విగ్రహాల దొంగతనాల కోసమే 1983లో పోలీసుల్లో ఒక విభాగం పెట్టాల్సొచ్చింది. శ్రీపురంతాన్ ఊరి నటరాజస్వామి దొంగచేతుల్లో పడి సముద్రం దాటి, 2008లో 50 లక్షల అమెరికా డాలర్లకు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరాడు. తిరిగొచ్చేసరికి 2014. ఆ గుడికి ఒక్క పెద్ద కోతైనా కాంట్రాక్టు మీద ఉండుంటే!

మన ఊరి బాధ్యత ఇంకా ఎక్కువ. 2021 శ్రీరామనవమి నాడు టీటీడీ, హనుమంతుడు పుట్టింది తిరుమల అంజనాద్రిలోనే అని ప్రకటించింది. కర్ణాటకవాళ్లు కాదన్నారు, వాళ్ల అంజనాద్రి వాళ్లకుంది, ఆ పేచీలో నేను తలదూర్చను. అయితే అంత ఘనంగా ప్రకటించుకున్న ఊరు, వానరజాతిని దెయ్యాల జాబితాలో కలిపినప్పుడు కనీసం ఒక ఖండన ఇవ్వొద్దా? ఆగని పరుగుకు విరుగుడు కూడా మన దగ్గరే ఉంది. చిన్నతనంలో ఒంటె కావాలని పరుగు తీసిన ఆంజనేయుడికి తల్లి అంజనాదేవి సంకెళ్లు వేసి శ్రీవారి ఎదుట నిలబెట్టిందంటుంది స్థలపురాణం. ఆయనే బేడీ ఆంజనేయస్వామి. ఇక్కడా బేడీలు పడ్డది వానర పక్షానికే అన్నది గమనించగలరు.

ఈ వాదనంతా మా ఎదురింటి పిలగాడికి విడమరిచి చెప్పాను. ఫోనులోంచి తల ఎత్తకుండానే విన్నాడు.

"కోతి పట్టుకుంటే నేను ఓడిపోతా కదా తాతా!"

"నువ్వు ఓడిపోతావు నాయనా. విగ్రహం గుడికి పోతుంది."

కాసేపు ఆలోచించాడు. "అయితే కోతిగా ఆడేదానికి యాడుండాది?"

ఇద్దరం కలిసి మొదటి ఆట జాబితా మొత్తం వెతికాం. పోలీసు అమ్మకానికి ఉన్నాడు, స్పెయిన్ సేనాని ఉన్నాడు, ఫుట్‌బాలాయనా ఉన్నాడు. కోతి ఏ ధరకూ లేదు.

కాబట్టి ఈ వకాల్తాలో నేను కోరేది, రెండో భాగంలో ఉద్యోగం పోయిన ఆ గుంపుకు అలిపిరి మెట్ల దారిలో పునరావాసం. అనుభవం ఉంది, పరిగెత్తగలరు, లంచం ముట్టరు. చిక్కల్లా స్థానికులతోనే. గాలిగోపురం దగ్గర ఇప్పటికే పాతుకుపోయిన కోతుల ముందు ఈ ప్రస్తావన తెచ్చాను. బయటివాళ్లను తెచ్చి పెడితే ఊరుకునేది లేదన్నట్టు పళ్లు చూపించి, నా సంచిలోని అరటిపళ్లు మొత్తం జప్తు చేసుకున్నాయి. రసీదు అడిగాను, ఇవ్వలేదు.