మిరపకాయను తిని పాడు చేశాం

మన పెద్దల మీద నాకు గౌరవం లేకపోలేదు. మా నల్లగొండ పక్క పానగల్లులో ఉదయసముద్రం చెరువు తవ్వించారు. ఆ ఊళ్ళోనే ఛాయా సోమేశ్వరాలయం కట్టి, గర్భగుడిలో పగలంతా కదలని నీడను నిలబెట్టారు. అంత తెలివైన వంశంలో పుట్టినవాళ్ళు మిరపకాయ చేతికి రాగానే ఏం చేశారయ్యా అంటే, తిన్నారు. రోట్లో వేసి నూరారు, మజ్జిగలో ఊరబెట్టి ఎండేశారు, శనగపిండిలో ముంచి బజ్జీలు వేశారు. నాలుగైదు వందల ఏళ్ళుగా సాగుతున్న ఈ పొరపాటును సరిదిద్దే బాధ్యత మా మీద పడింది. మేమంటే ఎవరో కాదు, మేడ మీద కుండీల్లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపకాయలు పెంచేవాళ్ళం. నల్లగొండలో ప్రస్తుతానికి పదకొండు మందిమి ఉన్నాం. వాట్సాప్ గ్రూపు ఉంది. గ్రూపుకు నలుగురు అడ్మిన్లు ఉన్నారు.

మిరపకాయ ఇంకా తినే వస్తువే అనుకుంటున్నారంటే మీరు క్వింటాళ్ళ కాలంలోనే ఉండిపోయారన్నమాట. గుంటూరు సన్నాన్ని చూడండి. పాపం, 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. తేజ ఎంత ఎగిరినా లక్ష దగ్గర ఆగుతుంది. వరంగల్ చపాటాది మరీ అన్యాయం. రంగు ఎక్కువ, కారం తక్కువ. అయినా దానికి 2025లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఆ రోజు మా గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా ఎవరూ పెట్టలేదు. అదే మా నిరసన.

స్కోవిల్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. విల్బర్ స్కోవిల్ అమెరికాలో ఒక ఫార్మసిస్టు. 1912లో ఆయన ఓ పద్ధతి కనిపెట్టాడు. మిరపకాయ సారం తీసి చక్కెర నీళ్ళలో కలపాలి. అయిదుగురిని కూర్చోబెట్టి రుచి చూపించాలి. ఇక కారం తెలియడం లేదనేదాకా పలచన చేస్తూ పోవాలి. ఎన్ని రెట్లు పలచన చేస్తే అన్ని యూనిట్లు. మా నాయనమ్మ కూడా తొక్కులో కారం ఎక్కువైతే ఇంత బెల్లం ముక్క వేసి, నా నాలుక మీద రాసి, "ఇప్పుడెట్లుందిరా?" అని అడిగేది. సూత్రం ఒకటే. కానీ ఆమె అయిదుగురిని కూర్చోబెట్టలేదు, అంకె రాసి పెట్టలేదు. అందుకే ఆయన పేరు నిలిచింది, ఈమె తొక్కు అదే పూట అయిపోయింది.

ఇప్పుడు నాలుకలతో పని లేదు. కాయకు కారాన్నిచ్చే కాప్సైసిన్ అందులో ఎంతుందో ప్రయోగశాలలో క్రొమటోగ్రఫీ యంత్రం కొలిచి చెప్తుంది. మా పదకొండు మందిలో ఆ పరీక్ష చేయించినవాళ్ళు సున్నా. అయినా ఎవరి కాయా పది లక్షలకు తగ్గదు. మా కొలత వేరే ఉంది. సెల్లు ముందు కూర్చుని కాయను గోరంత కొరుకుతాం. (ఇది తినడం కిందికి రాదు, ప్రచారం కిందికి వస్తుంది.) ఆ తర్వాత ఎంతసేపు ఏడిస్తే అంత అంకె. నిమిషానికి ఇన్ని లక్షలని అడ్మిన్లు పట్టిక తయారు చేశారు. ఎక్కిళ్ళు వస్తే అదనం.

రికార్డుల చరిత్ర మాకు పిల్లల ఎక్కాలకంటే బాగా వచ్చు. 2007లో గిన్నిస్ వాళ్ళు మన ఈశాన్యానికి చెందిన భూత్ జొలోకియాకు కిరీటం పెట్టారు, 10,01,304 యూనిట్లు. అస్సాంలో దాన్ని కంచెలకు పూసి పొలాల మీదికొచ్చే ఏనుగులను తరమాలని చూశారు. మన రక్షణ పరిశోధన సంస్థ దానితో గ్రెనేడ్ తయారు చేసింది. సొరకాయకు, బీరకాయకు ఇట్లాంటి దేశసేవ చేసే యోగం ఎప్పుడైనా పట్టిందా? తర్వాత 2011 వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే కిరీటం ఇన్‌ఫినిటీకి, దాన్నుంచి నాగా వైపర్‌కు, దాన్నుంచి ట్రినిడాడ్ స్కార్పియన్‌కు పోయింది. మున్సిపాలిటీల్లో అవిశ్వాస తీర్మానాలు కూడా అంత జోరుగా రావు. 2013లో కరోలినా రీపర్ గద్దెనెక్కి పదేళ్ళు ఏలింది. 2023లో దాన్ని పుట్టించిన ఎడ్ కరీ గారే పెప్పర్ ఎక్స్ అనే ఇంకో కాయను తెచ్చి పెద్దకొడుకును చిన్నకొడుకుతో దించేశారు. సగటున 26,93,000 యూనిట్లు.

సగటున అన్నాను, గమనించండి. రికార్డుకు లెక్కలోకి వచ్చేది సగటే. గింజలమ్మేవాళ్ళు మాత్రం ఎక్కడో ఒక కాయకు ఎప్పుడో ఒకసారి వచ్చిందంటున్న పై అంకెను ప్యాకెట్ మీద వేస్తారు. నేనైతే దీన్ని తప్పు పట్టను. విత్తనాల కరపత్రాల్లో ఎకరానికి ఇన్ని క్వింటాళ్ళని చదివి పెరిగిన ప్రాంతం మాది.

పెప్పర్ ఎక్స్ విషయంలో కరీ గారు ఒక షరతు పెట్టుకున్నారు. గింజలమ్మరు, కాయలమ్మరు. సాసులో కలిపినదే అమ్ముతారు. రీపర్‌ను ఎవరికి వాళ్ళు పండించి అమ్ముకున్నారని ఆయన బాధ. చాలా న్యాయం. అందుకే నేను ఆ గింజలు ఆయన దగ్గర కొనలేదు. మా గ్రూపులోనే ఒకాయన దగ్గర కొన్నాను. పది గింజలు 499 రూపాయలు, కొరియర్ ఖర్చు వేరే. ఉండేది రెండు వీధుల అవతలే అనుకోండి. "వాళ్ళు ఎవరికీ ఇవ్వలేదంట కదన్నా, మీకెట్ల వచ్చినయ్?" అని అడిగాను. "అందుకే కద తమ్మీ ఈ రేటు" అన్నాడు. ఈ సమాధానాన్ని ఎటునుంచి చూసినా నాకు సందు దొరకలేదు.

పేర్లు పెట్టడంలోనూ మనవాళ్ళు పరువు తీశారు. సన్నంగా ఉందని సన్నం అన్నారు. బ్యాడిగి ఊరిదని బ్యాడిగి అన్నారు. గుండ్రంగా ఉంటే గుండు మిర్చి. రేషన్ కార్డులో రాయించిన పేర్లలా ఉంటాయి. అటు చూడండి, తేలు, పాము, దెయ్యం, కొడవలి పట్టిన మృత్యువు, డ్రాగన్ ఊపిరి. ఒక్క పేరూ అన్నం పక్కన కూర్చునేలా లేదు. మేమూ ఊరుకోలేదు. ముందు ముందు మన జిల్లాల్లో పుట్టబోయే రకాలకు ఇప్పుడే పేర్లు ఖాయం చేసి పెట్టాం. దేవరకొండ దెయ్యం, కల్వకుర్తి కాలనాగు, అచ్చంపేట అంతిమయాత్ర. మిర్యాలగూడ దగ్గర మాత్రం రెండు రోజులు చర్చ నడిచింది. పోర్చుగీసువాళ్ళు మిరపను తెచ్చేదాకా ఈ దేశంలో ఘాటంటే మిరియాలే. పేరులోనే మిరియాలున్న ఊరు ఇప్పుడు రైసు మిల్లులు పెట్టుకుని తెల్లటి బియ్యం ఆడిస్తోంది. దాన్ని దారిలో పెట్టడానికి 'మిర్యాలగూడ మృత్యుఘంట' అన్న పేరుకు ఏడు ఓట్లు పడ్డాయి.

సైన్సు కూడా మా వైపే ఉంది. 2018లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో ఒక కేసు రాశారు. అమెరికాలో 34 ఏళ్ళాయన పోటీలో ఒక రీపర్ తిని, తల మీద పిడుగు పడ్డంత నొప్పితో ఆసుపత్రికి వెళ్ళాడు. చూస్తే మెదడులో రక్తనాళాలు కుంచించుకుపోయి ఉన్నాయి. తర్వాత కోలుకున్నాడు లెండి. అదీ స్థాయి అంటే. బ్యాడిగి జన్మలో వైద్య పత్రికకెక్కదు. ఇక 2021లో నోబెల్ పంచుకున్న డేవిడ్ జూలియస్ గారు కనుక్కున్నది ఇంకా గొప్ప సంగతి. మన నరాల్లో కాప్సైసిన్ తగలగానే తెరుచుకునే తలుపు ఒకటుందట. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేదీ ఆ తలుపేనట. మెదడుకు ఆ మంటా ఈ మంటా ఒకటే. ఆ లెక్కన మే నెల మధ్యాహ్నం మా ఊరి గడియార స్తంభం దగ్గర ఆటో కోసం నిలబడ్డ ప్రతి మనిషీ పైసా ఖర్చు లేకుండా రీపర్ తింటున్నట్టే. మన జిల్లాకు ఈ రంగంలో సహజమైన అర్హత ఉందని నేనెప్పటినుంచో అంటున్నది ఇందుకే.

మే నెలంటే గుర్తొచ్చింది. ఈ మిరపల పెంపకం వీడియోలు తీసేవాళ్ళు ఎక్కువగా చలి దేశాలవాళ్ళు. గింజ మొలవాలంటే మట్టి వెచ్చగా ఉండాలని కుండీ కింద హీటింగ్ మ్యాట్ వేస్తారు. నేనూ తెప్పించి వేశాను. నల్లగొండలో, మేడ మీద, 44 డిగ్రీల ఎండలో. మా ఆవిడ వచ్చి చూసింది. ఏమీ అనలేదు. ప్లగ్గు పీకేసి, బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

పది గింజల్లో నాలుగు మొలిచాయి. రెండు నారుకుళ్ళుతో పడిపోయాయి. మిగిలిన రెండూ ఏపుగా పెరిగి పూసిన పూత పూసినట్టే రాల్చేశాయి. ఎండ ముదిరితే మిరప పూత నిలవదు, అది పేరు చూడదు. పచ్చ షేడ్ నెట్ కట్టాను. చలికాలం తిరిగేసరికి ఒక చెట్టుకు మూడు కాయలు నిలిచాయి. ఒళ్ళంతా ముడతలు, చివర చిన్న తోక. గ్రూపులో ఫోటో పెడితే పండగ చేసుకున్నారు. మా ఇళ్ళలో మిరపచెట్టుకు ముడత కనిపిస్తే మందు కొట్టే డబ్బా వెతికేవాళ్ళు. ఇప్పుడు కాయకు ముడత ఎంత ఎక్కువుంటే రేటు అంత. కాలం మారిందనడానికి ఇంకేం కావాలి?

సరిగ్గా అప్పుడే మా మేనమామ వచ్చాడు. ఆయనది అలంపూర్ దిక్కు. నాలుగెకరాల్లో తేజ వేస్తాడు. అంతకుముందు చాలా ఏళ్ళు గద్వాల దగ్గర సీడ్ పత్తి చేశాడు. సాయంత్రం పూమొగ్గల్లో పుప్పొడి భాగాలు గిల్లేసి, తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దే పని అది. గింజ ఎట్లా పుడుతుందో, ఎవరి చేతుల్లో పెరుగుతుందో, ఎవరి జేబులో పండుతుందో చూసినవాడు. కాయల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం కాయరా అల్లుడా ఇది?"

చెప్పాను. ఇరవై ఆరు లక్షలన్నాను. రూపాయలనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. యూనిట్లని చెప్పాక లేచాడు.

"కిలో ఎంతకు పోతది?"

"కిలోల్లో కాదు మామా, గింజల లెక్క."

"మరి తినేటోళ్ళు?"

"ఎవరూ తినరు."

"కొనేటోళ్ళు?"

"పెంచేటోళ్ళే."

"పెంచి?"

"గింజలమ్ముతరు."

"ఎవరికి?"

"కొత్తగ పెంచేటోళ్ళకు."

మామ కాసేపు బత్తాయి తోటలున్న దిక్కుకు చూశాడు. "ఈమూ పిట్టల్రా ఇవి" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఈము కథ వేరు. అప్పట్లో ఈము పిల్లలను కొన్నవాడు, వాటిని పెంచి గుడ్లు పెట్టించి, ఆ పిల్లలను ఇంకొకడికి అమ్మాడు. వాడు మరొకడికి. కూర వండుకున్నవాడు మాత్రం ఎక్కడా కనపడలేదు. దానికీ దీనికీ పోలికేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈముకు మేత పెట్టాలి.

నిజానికి మామలాంటివాళ్ళకు మార్కెటింగ్ తెలియదు. ఆయన తేజ కల్లంలో ఎండి, తాలు ఏరించుకుని, బస్తాలకెక్కి, లారీలో పోతుంది. ఆ రకంలో చాలా సరుకు చైనా దాకా పోతుంది. ఫ్యాక్టరీల్లో దాన్నుంచి ఘాటు నూనె పిండుకుంటారు. అంటే ఈ భూమ్మీద ఘాటును నిజంగా డబ్బిచ్చి కొనేవాళ్ళు టన్నుల లెక్కన తేజ కొంటున్నారు. కానీ ఆ తేజ పేరులో దెయ్యం లేదు, ప్యాకెట్ మీద పుర్రె బొమ్మ లేదు. 2021లో నల్ల తామరపురుగు పూతలో దూరి పంటంతా తినేస్తే మామ నిలబడ్డ చెట్లను పీకించేశాడు. ఆ చేను గట్టు మీద ఆయన ఏడ్చింది ఎవరూ వీడియో తీయలేదు. తీసి ఉంటే మా పట్టిక ప్రకారం ఎన్ని లక్షలు వచ్చేవో.

మర్నాడు పొద్దున మామ మేడ మీది నుంచి కేకేశాడు. వెళ్ళి చూస్తే షేడ్ నెట్ చిరుగులోంచి దూరి ఒక రామచిలుక చెట్టు కొమ్మ మీద కూర్చుని ఉంది. కాయను కాలితో పట్టుకుని, బఠాణీ వలిచినట్టు వలిచి, గింజలతో సహా నములుతోంది. పక్షులకు కాప్సైసిన్ మంట తెలియదు. ఆ తలుపు వాటిలో దానికి తెరుచుకోదు. ఇది నేను చదివిందే. కానీ 499 రూపాయల గింజలను ఒకదాని తర్వాత ఒకటి కొరుకుతుంటే చూడ్డం వేరు. రెండో కాయ అప్పటికే లేదు. మూడోది నేను "హుష్" అనేలోపల నోట కరుచుకుని ఎగిరిపోయింది.

మామ సెల్లు తీసి అంతా రికార్డు చేశాడట. నాకు పంపాడు. బాధలో ఉన్నవాణ్ణి, ఇంకేం తోచక గ్రూపులో పెట్టాను. నలుగురు అడ్మిన్లూ వీడియోను మూడుసార్లు చూసి, చర్చించి, సాయంత్రానికి తీర్పు చెప్పారు. చిలుక కంట్లోంచి ఒక్క చుక్క కూడా రాలేదు కాబట్టి నా కాయ పెప్పర్ ఎక్స్ కాదట.