పట్టిన కుందేటికి మూడే కాళ్లు

మనిషిని రెండు కాళ్ల మీద నిలబెట్టడం సృష్టికర్త తొందరపాటులో చేసిన పని అని, ఆ లోపాన్ని సవరించే భారం తుపాకీ సరంజామా అమ్మేవాళ్ల మీద పడిందని టెక్సస్‌కు వచ్చాకే నాకు తెలిసింది. రెండు కాళ్ల జీవి రైఫిలు ఎత్తి పట్టుకుంటే గొట్టం ఊగుతుంది. గుండె కొట్టుకుంటే ఊగుతుంది, ఊపిరి తీస్తే ఊగుతుంది, ఎదురుగా జింక కనిపిస్తే మరీ ఊగుతుంది. గుండెనూ ఊపిరినీ ఆపే పద్ధతుల్లో ఇతర ఇబ్బందులు ఉన్నాయి కాబట్టి మూడు కాళ్లు విడిగా, అంటే రైఫిలును ఆనించే ట్రైపాడ్ రూపంలో, కొనుక్కోవడమే వివేకవంతుల మార్గం.

ఈ సిద్ధాంతానికి అడ్డు తగిలేవారు కొందరున్నారు. వారిలో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఒకరు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గురి మధ్యనుండే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. తుపాకీని దేనికీ ఆనించకూడదు, నిలబడే కాల్చాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన పుట్టుకతో వచ్చిన రెండు కాళ్ల మీదే నిలబడి కాంస్యం తెచ్చారు. కాదనను. కానీ ఏళ్ల తరబడి సాధన చేసి కొట్టడంలో విశేషమేముంది? సాధన చేయకుండా కొట్టడమే కదా విశేషం! ట్రైపాడ్‌లు తయారయ్యేది ఆ ఆశయం ఉన్నవారి కోసమే.

నూర్జహాన్ సంగతీ ఇలాంటిదే. 1617లో మాండూ దగ్గర ఏనుగు అంబారీ మీద నుంచి ఆరు తూటాలతో నాలుగు పులులను కొట్టిందని జహంగీర్ మురిసిపోతూ రాసుకున్నాడు. పులి వాసన తగిలిన ఏనుగు ఒక్కచోట నిలవదని, తన తర్వాత అంతటి గురికాడైన మీర్జా రుస్తుమ్‌కు కూడా ఏనుగు మీద నుంచి మూడు నాలుగు తూటాలు వృథా అయిన సందర్భాలు ఉన్నాయని కూడా రాశాడు. తన తర్వాత అనడం మరిచిపోలేదు, పాదుషా కదా. నాలుగు కదిలే కాళ్ల మీద నుంచి ఆమె అంత పని చేయగలిగితే, మూడు కదలని కాళ్లు చేతికిస్తే ఏం చేసేదో ఊహించుకోండి. మాండూ అడవుల అదృష్టం, అప్పటికి కార్బన్ ఫైబర్ పుట్టలేదు.

అదే అదృష్టం అమెరికా అడవిదున్నలకు కలగలేదు. 1870లలో ఇక్కడి మైదానాల్లో తోళ్ల కోసం దున్నలను చంపిన వేటగాళ్లు రెండు కర్రలను కత్తెరలా కట్టి, నేల మీద కూర్చుని, బరువైన షార్ప్స్ రైఫిలును ఆ కత్తెర మీద ఆనించి కాల్చేవారు. ఒకప్పుడు కోట్లలో ఉన్న మంద 1889లో లెక్కపెడితే వెయ్యి చిల్లర తేలింది. రెండు కర్రలు, ఒక తాడు. ఆర్థికంగా చూస్తే ఇంతకంటే పొదుపైన సర్వనాశనం చరిత్రలో అరుదు.

ఇక నా తోడల్లుడి విషయం. అతను డాలస్ ఉత్తర శివార్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా కేంద్ర చట్టం చెబుతుంది. అయితే వేట లైసెన్సు ఉంటే ఉంచుకోవచ్చని అదే చట్టం మినహాయింపు ఇస్తుంది. టెక్సస్ వాసికి ఆ లైసెన్సు 25 డాలర్లు. అందువల్ల చీమను తొక్కినా నొచ్చుకునే మనవాళ్లు కూడా కాగితం మీద వేటగాళ్లయిపోతారు. మా వాడు మాత్రం కాగితం దగ్గర ఆగలేదు. రైఫిలు కొన్నాడు, దూరదర్శిని బిగించాడు, ఆ తర్వాత ట్రైపాడ్‌ల మీద అసలు చదువు మొదలుపెట్టాడు. పదో తరగతి పరీక్షలకు కూడా అంత చదవలేదని మా మరదలు చెప్పింది.

కార్బన్ ఫైబరా, అల్యూమినియమా అన్నది మొదటి ప్రశ్న. శైవ వైష్ణవ కలహం చల్లారి శతాబ్దాలు గడిచాయి గాని ఇది చల్లారే సూచన లేదు. కార్బన్ తేలిక, వణుకును త్వరగా మింగేస్తుంది, ధర మాత్రం మింగుడు పడదు. అల్యూమినియం చవక, బరువు, చలిలో పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. మా వాడు కార్బన్ తీసుకుని కిలో బరువు తగ్గించుకున్నాడు. ఆ కిలో స్థానంలో స్టీలు డబ్బాలో పులిహోర వచ్చి కూర్చుంది.

తర్వాతిది కాలికి ఎన్ని ముక్కలు అన్న ప్రశ్న. ముక్కలు ఎక్కువైతే మడిచినప్పుడు చిన్నదవుతుంది, విప్పినప్పుడు అడుగు ముక్క వెదురు పుల్లంత సన్నబడి ఊగుతుంది. నాలుగు ముక్కల కాలికి మూడు మరలు, మూడు కాళ్లకు తొమ్మిది. జింక కనిపించాక ఒక్కొక్కటీ తిప్పి, లాగి, మళ్లీ బిగించడం నవగ్రహాలకు ప్రదక్షిణ చేసినంత శ్రద్ధతో కూడిన పని. చివరి మర బిగిసేసరికి జింక పక్క జిల్లాలో ఉంటుంది. తిప్పే మరలకు బదులు మీటల బిగింపు తీసుకుంటే పని త్వరగా అవుతుంది, కాకపోతే ప్రతి మీటా ‘టక్’ మని జింకకు ముందస్తు సమాచారం అందిస్తుంది. ఆఫ్రికాలో వేటగాళ్ల వెంట నడిచే సహాయకులు రబ్బరు పట్టీతో కట్టిన మూడు కర్రలను క్షణంలో విప్పి నిలబెడతారు. ఆ కర్రల మీద ఎవరూ రెండు గంటల సమీక్ష చేయలేదు కాబట్టి వాటిని పరిగణనలోకి తీసుకోలేం.

మధ్య కడ్డీ గురించి మాత్రం నిజంగానే చెప్పాలి. కెమెరా ట్రైపాడ్‌లలో పైకి లేచే ఆ కడ్డీని ఎత్తామంటే మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. తెలిసినవారు అది లేని ట్రైపాడే కొంటారు. ఎత్తు విషయంలోనూ ఇంతే: ఎంత పొట్టిగా పెడితే అంత నిలకడ. నిలబడడం కంటే కూర్చోవడం మేలు, కూర్చోవడం కంటే పడుకోవడం మేలు. అంటే నేలను మించిన ఆధారం లేదన్నమాట. అయితే నేలను పెట్టెలో పెట్టి ఇంటికి పంపే వీలు లేనందువల్ల ఏ సమీక్షలోనూ దానికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. న్యాయంగా చెప్పాలంటే నడుము లోతు గడ్డిలోనూ నాగజెముడు పొదల్లోనూ బోర్లా పడుకోవడం కుదరదు. పడమటి రాష్ట్రాల కొండల్లో రోజంతా నడిచి లోయకు అవతల ఉన్న జంతువును కొట్టాల్సిన వాడికి ట్రైపాడ్ విలువ తెలుసు.

మా వాడు వెళ్లింది ఆ కొండలకు కాదు, లానోకు. తెల్లతోక జింకల సంఖ్యలో టెక్సస్ దేశానికే మొదటిది, లానో తనను తాను టెక్సస్ జింకల రాజధాని అని చెప్పుకునే ఊరు. అక్కడి వేట మంచె మీద జరుగుతుంది. మన జొన్నచేలో మంచెలాంటిదే గాని, గోడలు, పైకప్పు, కిటికీలు ఉంటాయి. నూరు గజాల దూరంలో మూడు కాళ్ల మీద ఒక పీపా. అందులోని యంత్రం ఉదయం, సాయంత్రం వేళ తప్పకుండా మొక్కజొన్నలు చల్లుతుంది, జింకలు రేషను దుకాణానికి వచ్చినట్టు వస్తాయి. ఇదంతా అక్కడ చట్టసమ్మతమే. జింక ఛాతీలో తూటా తగలాల్సిన చోటు సుమారు 8 అంగుళాలు. నూరు గజాల దగ్గర ఒక అంగుళం కూడా తేడా రానివ్వని పరికరాన్ని మా వాడు వెంట తెచ్చాడు.

నేను ప్రేక్షకుడిగా వెళ్లాను. మంచె లోపల ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు, ఒక ట్రైపాడ్: పదిహేను కాళ్లు బయటి నాలుగు కాళ్ల కోసం ఎదురుచూశాయి. కిటికీ అంచుకు ఎవరో పాత తివాచీ ముక్క మేకులతో కొట్టారు. మధ్యలో నూలు అరిగి, రైఫిలు ఆనే చోట గాడి పడింది. దాని మీద ఆనించరాదా అని అడిగాను.

“దానికి ఆర్కా పట్టీ లేదు అన్నయ్యా,” అన్నాడు జాలిగా.

ఆర్కా పట్టీ అంటే ఆర్కా-స్విస్ అనే కెమెరా సామాను కంపెనీ పేరుతో చలామణి అయ్యే సుమారు 38 మిల్లీమీటర్ల పట్టీ; రైఫిలు అడుగున బిగిస్తే ట్రైపాడ్ నెత్తినుండే ‘హెడ్’ దాన్ని పట్టుకుంటుంది. ఒకరు చేసిన పట్టీ మరొకరు చేసిన పట్టులో ఒక్కోసారి బిగియదు, అందుకని రెండూ ఒకచోటే కొనాలి. ట్రైపాడ్, హెడ్, పట్టీ అన్నీ కలిపి పదిహేను వందల డాలర్లు దాటాయి. ఆ డబ్బుతో మంచి రకం తూటాలు ఏడు వందలకు పైగా వచ్చేవి, వేసవంతా కాల్చుకోవచ్చు. కానీ తూటా కాలిస్తే పోతుంది, ట్రైపాడ్ ఆస్తిగా మిగులుతుంది. వీడియో కాల్‌లో దాన్ని చూసిన మా మామగారు తన షష్టిపూర్తి ఫోటోలకు తెమ్మన్నారు కూడా.

పీపా గలగలమంది. చిన్న కొమ్ముల మగజింక వచ్చింది. మా వాడు కాలు సర్దబోతే ట్రైపాడ్ కుర్చీకి తగిలింది. జింక తలెత్తి, ముందు కాలితో నేలను రెండుసార్లు తన్ని, మొక్కజొన్నల ఆకర్షణకు లొంగి మళ్లీ తల దించింది. రైఫిలు రాయిలా నిలిచింది. దూరదర్శినిలో గీతలు కదలడం లేదని మా వాడు గుసగుసగా ప్రకటించాడు. ఆ వెంటనే ట్రిగ్గరును తలుపు గొళ్లెం లాగినట్టు లాగాడు. జింకకు ఎడమ పక్కన దుమ్ము లేచింది, తెల్లతోక పైకి లేచింది, ఆ తర్వాత పీపా ఒక్కటే మిగిలింది.

తిరుగు దారిలో గంటన్నర పాటు మౌనంగా విచారణ సాగింది. చివరికి తీర్పు వెలువడింది.

“లోపం కాళ్లలో లేదన్నయ్యా. తలలో ఉంది.”

నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ రాత్రే కొత్త బాల్ హెడ్‌కు ఆర్డరు పెట్టాడు. లానోలో జింకల సాధారణ సీజను జనవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. హెడ్ రెండో వారంలో వస్తుందట.