సైకిలు పడిపోయింది తారు అంచు దగ్గర

విజయనగరం రోడ్ల మీద సైకిళ్లు ఎందుకు తగ్గాయని అడిగితే ఠక్కున వచ్చే జవాబు ఒకటే. జనం చేతిలో డబ్బు ఆడుతోంది, ఫైనాన్సులో బండి దొరుకుతోంది, ఇంకెవరు తొక్కుతారని. ఇది సగం నిజం. దేశంలో సైకిలున్న ఇళ్లు 2001 జనగణనలో 43.7 శాతం, 2011లో 44.8 శాతం. అదే పదేళ్లలో స్కూటరో మోటారుసైకిలో ఉన్న ఇళ్లు 11.7 నుంచి 21 శాతానికి పెరిగాయి. అంటే బండి వచ్చిందని సైకిలును ఎవరూ గెంటేయలేదు. అది ఇంట్లోనే ఉంది, గోడకు ఆనించి.

బయటికెందుకు రావడం లేదో తెలియాలంటే తారు రోడ్డు అంచు దగ్గర వంగి చూడాలి. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. ఒక్కో పొర మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. మూడుసార్లు పోసేసరికి రోడ్డు పక్క మట్టి కంటే బెత్తెడు పైనే లేస్తుంది. వెనక నుంచి ఆటో హారన్ కొడితే సైకిలు మట్టిలోకి దిగాల్సిందే. దిగడం తేలిక, ప్రమాదమంతా తిరిగి ఎక్కడంలోనే. రోడ్డు పక్కనే పోతూ హ్యాండిల్ కాస్త కుడికి తిప్పితే ముందుచక్రం అంచు ఎక్కదు, దాన్ని రాసుకుంటూ పోతుంది. ఒళ్లు కుడికి వాలుతుంది, చక్రం మాత్రం రాదు. మనిషి పడేది బండ్లు వచ్చే వైపుకే. అలా పడకూడదంటే ప్రతిసారీ దిగి సైకిలు ఎత్తి పెట్టుకోవాలి. హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది, చాలా మంచి పని. ఆ పిల్ల తొక్కాల్సింది మాత్రం ఈ అంచు మీదే. ఏ తల్లి పంపుతుంది?

నడిచేవాళ్లనూ ఈ తారే దెబ్బతీసింది. రోడ్డు ఎత్తు పెరిగితే వాననీళ్లు లోపలికి రాకుండా దుకాణాలవాళ్లు మెట్టు పెంచుతారు, ర్యాంపు ముందుకు జరుపుతారు. ఫుట్‌పాత్ అక్కడితో తెగిపోతుంది. మిగిలిందేమో కాలువ మీది పలకలు. పూడిక తీసేటప్పుడు గునపంతో లేపితే వాటి అంచులు పగులుతాయి, తిరిగి పెట్టాక కాలు వేస్తే ఊగుతాయి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో చెప్పిన ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. గంటస్తంభం చుట్టుపక్కల టేపు పట్టుకుని తిరిగితే సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరా అంతే.

ఈ ఎండల్లో ఎవరు నడుస్తారు, ముందు రోడ్లు వెడల్పు చేయండి అనేవాళ్లున్నారు. వాళ్లు దసరా తర్వాత మంగళవారం నాడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా చూడాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర కోసం ముసలీ ముతకా, చంకన బిడ్డలతో తల్లులూ ఆ దారంతా నడుస్తారు. దారి వదిలితే నడిచే జనమే మనవాళ్లు.

అసలు పట్టుకోవాల్సింది బిల్లుల పద్ధతిని. రోడ్డు పనికి డబ్బు వచ్చేది పొడవు, వెడల్పు, మందం లెక్కన. ఎంబుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కేవి ఆ కొలతలే. పాత పొర గీకడం, రోడ్డు పక్క మట్టి మార్జిన్‌లో గ్రావెల్ నింపి రోలర్ తిప్పడం అంచనాలో రాయకపోతే కాంట్రాక్టరు చేయడు, చేయమని అడిగే హక్కూ ఎవరికీ ఉండదు. ఊళ్లో సగం పనులు ఇలాగే చెడుతున్నాయి. కాలువ కడతారు, అందులోకి నీళ్లు దిగే కన్నం అంచనాలో ఉండదు. బోరు వేస్తారు, గట్టు ఉండదు. రాయని పనికి దిక్కు లేదు.

కనుక వచ్చే రోడ్డు పనుల్లో గీకడం, మార్జిన్ నింపడం రెండూ వేర్వేరు పద్దులుగా రాయాలి. బిల్లు పాసు చేసే ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పిల్లల స్కేలు ఒకటి పట్టుకుని ప్రతి యాభై మీటర్లకూ రెండు వైపులా అంచు కొలవాలి. మట్టికీ తారుకూ తేడా రెండు సెంటీమీటర్లు దాటిన చోట బిల్లు ఆపాలి.