సవరణ: ఏపీఓఎల్1 జన్యువు, కిడ్నీ జబ్బు

ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే ఏపీఓఎల్1 జన్యు మార్పుల మీద మొన్నటి పోస్టులో "ఒక్క కాపీ వచ్చినా కిడ్నీలు పాడవుతాయి" అని రాశాను. అది తప్పు.

జీ1, జీ2 అనే ఈ మార్పులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు కాపీలు వస్తేనే ముప్పు బాగా పెరుగుతుంది. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది ఇదే. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి అలా రెండు కాపీలు ఉంటాయి. వాళ్లలోనూ ఎక్కువమంది కిడ్నీలు బాగానే ఉంటాయి. చికిత్స లేని హెచ్ఐవీ తోడైతే మాత్రం కథ వేరు.

మరి ఇంత హాని చేసేది ప్రకృతి వరణంలో (బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా మిగిలే ప్రక్రియలో) ఎలా నిలిచింది? అతినిద్ర వ్యాధి వల్ల. మన రక్తంలోని ఏపీఓఎల్1 ప్రోటీన్, ఆ జబ్బు తెచ్చే ట్రిపనోసోమా పరాన్నజీవి లోపలి పొరలకు రంధ్రాలు చేసి చంపేస్తుంది. ఆ పరాన్నజీవిలో తూర్పు ఆఫ్రికాలోని రొడీసియెన్స్ రకం గడుసుది, ఎస్ఆర్ఏ అనే సొంత ప్రోటీన్‌తో మన ఏపీఓఎల్1ను పట్టేసి పనిచేయనివ్వదు. మార్పు చెందిన ఏపీఓఎల్1, ముఖ్యంగా జీ2 రకం, ఆ పట్టుకు సరిగా దొరకదు. ఈ రక్షణకైతే ఒక్క కాపీ చాలు. నేను రెండింటినీ కలిపేసింది ఇక్కడే.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. షేర్ చేసినవారు దయచేసి ఇదీ పంపండి.