గాలి దాచుకున్నోడే నయం

అమెరికాలో డియర్‌బోర్న్ అనే ఊళ్ళో, హెన్రీ ఫోర్డ్ పెట్టిన మ్యూజియంలో, మూతికి మైనం పెట్టిన ఒక ఖాళీ టెస్ట్ ట్యూబు ఉంది. అందులో ఉన్నది ఎడిసన్ చివరి ఊపిరట! మొదట విన్నప్పుడు పడీ పడీ నవ్వాను.

అసలు సంగతేంటంటే, 1931లో ఎడిసన్ పోయినప్పుడు మంచం దగ్గర ఎనిమిది ఖాళీ ట్యూబులున్నాయి, కొడుకు చార్లెస్ వెంటనే డాక్టరు చేత వాటికి మైనం పెట్టించి, తర్వాత ఒకటి తండ్రి స్నేహితుడైన ఫోర్డ్‌కి ఇచ్చాడు. నోటి దగ్గర పట్టిందేం కాదు, ఆ గదిలో గాలి, అంతే. లోకానికి ఎడిసన్ అంటే కరెంటు బల్బు, కొడుక్కి మాత్రం తెలుసు ఆయన ప్రాణమంతా కెమిస్ట్రీ మీదేనని. ఇక నవ్వు రాలేదు నాకు.

ఫోర్డ్ కూడా తక్కువోడేం కాదు. 1916లో చరిత్రంటే చాలావరకు చెత్త అన్నాడు, 1929 కల్లా అదే మనిషి నాగళ్ళు, పొయ్యిలు, ఆవిరి ఇంజన్లు పోగేసి మ్యూజియం పెట్టాడు.

మనమూ దాతలమే లెండి. గుడికి ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా పేర్లుండాలి, ట్యూబ్‌లైటు ఇస్తే పేరు తప్ప వెలుతురు కనపడదు. మన బెజవాడ బాపు మ్యూజియంలో విగ్రహాలు, నాణేలు, కత్తులు ఉన్నాయి, బాగున్నాయి. లారీలకు బాడీలు కట్టి బతికిన ఊరు కదా ఇది, ఆటోనగర్ సుత్తి ఒక్కటి కూడా నాకు కనపడలేదు. ఎవరిస్తే ఉంటుంది?

మేమివ్వలేదు. మా తాత లారీ మెకానిక్. ఆయన చెక్కపెట్టె తెరిస్తే గ్రీజు వాసన గుప్పుమనేది. మామూలు పానా అందని నట్టు కోసం ఒకదాన్ని కాల్చి మెడ వంచుకున్నాడు, చెయ్యి జారకుండా పిడికి సైకిల్ ట్యూబు చుట్టాడు. ఆయన పోయాక ఇంటికి సున్నాలు వేయిస్తూ, అడ్డంగా ఉందని పెట్టెను పాత ఇనుము బండివాడికి తూకానికి వేశాం. కాటా దగ్గర నిలబడి కిలో రేటు బేరమాడింది నేనే.

ఆ మెడ వంచిన పానా మాత్రం నాన్న స్కూటర్ డిక్కీలో ఉండి బతికిపోయింది. మొన్న అడిగాను, మ్యూజియానికి ఇద్దాం నాన్నా అని.

"సింకు కింద నట్టు దీనికే అందుద్ది, నేనివ్వను పోరా" అన్నాడు.