నెల్లూరులో మైనస్ 35

రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండున్నర. మినీ బైపాస్ మీద కుక్కలు కూడా నీడ వెతుక్కుని పడుకునే వేళ. అలాంటి సమయంలో మెడకు టై బిగించుకున్న ఒక సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు నా ముందు నిలబడి, "సార్, ఈ ఆయిల్ పోయిస్తే మైనస్ 35 డిగ్రీల్లో కూడా మీ బండి ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుద్ది" అన్నాడు.

నేను మెడ మీద చెమట తుడుచుకున్నాను. "మైనస్ 35 ఏ ఊళ్లో బాబూ?"

"ఎక్కడైనా సార్."

ఇంత ధీమా నేను ఎన్నికల సభల్లో కూడా చూడలేదు. నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి. నేనెరిగిన చలల్లా భోగిమంట దగ్గర రెండు నిమిషాలు వేసేదే. పాదరసం 20కి దిగిందంటే ఊరంతా మంకీ క్యాపుల్లోకి దూరిపోతుంది. అటువంటి ఊళ్లో ఈ కుర్రాడు పెన్నా గడ్డకట్టే రోజు కోసం నా బండిని సిద్ధం చేస్తున్నాడు. దూరదృష్టిని మెచ్చుకోవాల్సిందే.

ప్రీమియం ఉందట, అల్ట్రా ఉందట, దాని మీద ఇంకోటి ఉందట. మామూలుది లేదా అని అడిగితే గొంతు తగ్గించి, "ఉంది సార్. కానీ మీలాంటి వాళ్లు వేయించరు" అన్నాడు. ఆ 'మీలాంటి వాళ్లు' అనే మాట మీదే ఈ వ్యాపారం సగం నడుస్తోందని నా గట్టి నమ్మకం. పైగా ఇది రేసుల్లో వాడే టెక్నాలజీ అట. నా బండి ఆడే రేసు దర్గామిట్ట నుంచి వీఆర్సీ సెంటర్ దాకా. అందులో పోయిన వారం చెరకు రసం బండి నన్ను దాటిపోయింది.

"సరే, పుస్తకంలో ఏం రాశారో చూద్దాం" అన్నాను.

"ఏ పుస్తకం సార్?"

ఆ పిల్లవాడు వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగాడు. కారుతో పాటు ఒక పుస్తకం ఇస్తారు. వాహన పూజ రోజు దానికి కూడా పసుపు, కుంకుమ పెట్టి, ప్లాస్టిక్ కవరు తీయకుండా డాష్‌బోర్డు అరలో పెడతాం. ఆ తర్వాత దాని మీద ఫాస్టాగ్ రాకముందరి వెంకటాచలం టోల్‌గేటు రసీదులు చేరతాయి, తిరుపతి లడ్డూ కవరు చేరుతుంది, ఎవరిదో పెళ్లి శుభలేఖ చేరుతుంది. ఇక ఆ పుస్తకానికి మోక్షం లేదు. నాదీ అంతే. కుంకుమ దులిపి తెరిస్తే వెనక పేజీల్లో ఒక్క వరుస: 5డబ్ల్యూ-30, నాణ్యత గుర్తు ఎస్ఎన్ లేదా అంతకంటే పైది, 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. ఆ ఇంజన్ తయారుచేసినవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి తిప్పి, విప్పి, అరుగుదల కొలిచి, చివరికి తేల్చిన సంగతి ఆ ఒక్క వరుసలో ఉంది. దాన్ని తప్ప లోకంలో అందరినీ అడుగుతాం.

ఆ అంకెల్లో పెద్ద రహస్యమేమీ లేదు. డబ్ల్యూ అంటే వింటర్, శీతాకాలం. దానికి ముందున్న అంకె, చలిలో ఇంజన్ తిప్పినప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 0 రకాన్ని మైనస్ 35 దగ్గర, 5 రకాన్ని మైనస్ 30 దగ్గర, 20 రకాన్ని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. కుర్రాడు చెప్పిన 35 అబద్ధం కాదు, మన జిల్లాకు సంబంధించింది కాదు, అంతే. వెనక ఉన్న అంకె 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. ఇంజన్ వేడెక్కాక లోపలి ఆయిల్ నెల్లూరైనా నార్వే అయినా దాదాపు ఆ వేడికే చేరుతుంది. రేడియేటరూ థర్మోస్టాటూ ఉన్నది అందుకే. కాబట్టి 'మన ఎండలకు చిక్కటిది పొయ్యాలబ్బా' అనే ఆటోనగర్ పండితుడూ, మైనస్ 35 అమ్మే టై కుర్రాడూ ఒకే బళ్లో చదువుకున్నారు. ఆ 0 మన ఊళ్లో విషమేమీ కాదు, పొద్దున్నే తొలి తిప్పుడులో ఆయిల్ కాస్త చురుగ్గా పైకెక్కుతుంది. మైలేజీ కోసం వెనక అంకె 20 ఉన్న రకానికే పుట్టిన ఇంజన్లూ ఉన్నాయి, అవి అదే తాగాలి. నా ఇంజన్ 30 అడుగుతోంది. అడిగింది పెట్టరా నాయనా అంటే వినడేం?

చివరికి నేనే బయట 5డబ్ల్యూ-30 డబ్బా కొని, తెలిసిన మెకానిక్ దగ్గర మార్పించుకున్నాను. కథ అక్కడితో అయిపోవాలి. కానీ మరుసటి ఆదివారం బుచ్చిరెడ్డిపాళెంలో ఒక పెళ్లికి వెళ్లాను.

ఒకప్పుడు మా వైపు పెళ్లి పంక్తిలో వడ్ల ధర, సోమశిల నీళ్లు, ఎవరు ఏ పార్టీలోకి దూకుతున్నారు, ఇవీ మాటలు. ఇప్పుడు ఆకు వెయ్యగానే పక్క సీటు బావ, "ఏంది బావా, కారు సర్వీసు చేయించినావంట, ఏం ఆయిల్ పోయించినావు?" అంటాడు. 5డబ్ల్యూ-30 అన్నాను.

"ముప్పయ్యా?" విడవలూరు మామ చేతిలో ముద్ద ఆగిపోయింది. మామకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల్లో కిలోకు 100 తూగేదానికంటే 30 తూగేదానికి రేటెక్కువ. కౌంటు తగ్గేకొద్దీ డబ్బు. ఆయిల్ షాపులోనూ 40 అంకె డబ్బా కంటే 20 అంకె డబ్బానే ఖరీదు. ఇంకేం, లెక్క కుదిరిపోయింది. "ఇరవై కౌంటు దొరుకుతా ఉంటే ముప్పై కౌంటు ఎవడన్నా కొంటాడా? యాపారం తెలీదయ్యా నీకు" అని జాలిపడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఎదురు పంక్తిలో రిటైరైన హెడ్మాష్టారు గొంతు సవరించుకున్నారు. "డబ్ల్యూ అంటే వెయిట్. సున్నా వెయిట్ అంటే బరువు లేనిది. తనకే బరువు లేనిది ఇంజన్ బరువేం మోస్తుంది?" పంక్తి పంక్తంతా నిశ్శబ్దం. ఉపనిషత్తులో కూడా ఇంత సూటి ప్రశ్న ఉండదు.

మిన్నెసోటా నుంచి వచ్చిన అల్లుడు నెమ్మదిగా, "మా దగ్గర అందరూ జీరో డబ్ల్యూనే మామయ్యా" అన్నాడు. వాళ్ల ఊళ్లో జనవరిలో కారు మీద మంచు పారతో తవ్వుకోవాలనే సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అమెరికా చెప్పేసింది కాబట్టి కేసు కొట్టేసినట్టే అనుకుంటుంటే బొలేరో బావ ఒప్పుకోలేదు. "ట్రాక్టరుకు అదే డ్రమ్ము, బొలేరోకు అదే డ్రమ్ము, చెరువు కాడ ఇంజన్‌కూ అదే డ్రమ్ము. ఇరవై ఏండ్లుగా పోస్తా ఉండా. యాడన్నా చెడిందా?" చెరువు కాడ ఇంజన్ సిలిండర్ అరిగి పోయిన నెలే బోరుకొచ్చింది. ఆ మాట పైకి అంటే పప్పన్నం మీద గొడవ. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండి అయితే, దాని పొగగొట్టంలో చాలావాటికి మసి పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, బూడిద ఎక్కువ వదిలే ఆయిల్ పోస్తే అది పూడిపోతుంది, అందుకే డబ్బా మీద బూడిద తక్కువని చెప్పే సీ3 లాంటి గుర్తు చూసి కొనాలి అని కూడా చెప్దామనుకున్నాను. ఆయన కొత్త బొలేరో బుక్ చేశాడట. డ్రమ్ము మాత్రం పాతదే ఉంటుంది.

వాదం తేలక అందరం చేతులు కడుక్కుని బయటికొచ్చి, పూలు కట్టిన పెళ్లికొడుకు కారు బానెట్ ఎత్తాం. మాష్టారు డిప్‌స్టిక్ లాగి, పట్టు కండువాతో తుడిచి, మళ్లీ ముంచి తీశారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క వేసి సాగదీశారు. "లేత పాకం" అన్నారు. విడవలూరు మామ తానూ సాగదీసి "ముదురు" అన్నాడు. ఇద్దరికీ కుదరక, నలభై ఏళ్లుగా అరిసెలు వండిన పెళ్లికూతురి మేనత్తను పిలిపించారు. ఆవిడ నలిపి, వాసన చూసి, "తీగ పాకం. అరిసెలకు పనికిరాదు, ఇంజన్ సంగతి మీ ఇష్టం" అని తీర్పు చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఇంతలో బొలేరో బావ కనిపెట్టాడు: "ఆయిల్ నల్లంగా ఉండాది!"

పెళ్లికొడుకును పీటల మీంచి లేపుకొచ్చారు. పాపం, కట్నం గొడవనుకుని ముఖం పాలిపోయి వచ్చాడు. "కట్నం కాదు నాయనా, నీ ఆయిల్ నల్లబడింది" అన్నారు పెళ్లికూతురి తండ్రి, కాస్త బాధగానే. "పోయిన నెలే మార్చానండీ మామయ్యా, డీజిల్ బండి కదా" అని ఆ అబ్బాయి తల దించుకున్నాడు. పురోహితుడు ముహూర్తం ముహూర్తం అంటున్నాడు. నేను ఉండబట్టలేక, డీజిల్‌లో ఆయిల్ నాలుగు రోజుల్లోనే నల్లబడుతుందని, మసిని ఇంజన్‌కు అంటనివ్వకుండా తనలో కలుపుకుంటోందని, అది తన పని తాను చేస్తున్నట్టని చెప్పాను. మాష్టారు నన్ను ఎగాదిగా చూసి, "నీ పంచె నల్లబడితే అది పని చేస్తున్నట్టా, ఉతకాల్సినట్టా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తాళి కట్టే వేళకు అల్లుడి గుణం మీద ఆ ఇంటివాళ్లకు ఏదో చిన్న అనుమానం మిగిలే ఉందని నాకనిపించింది.

ఇక సింథటిక్ అనే మాట. సింథటిక్ అంటే ల్యాబులో అణువు అణువూ కూర్చి చేసినదని మీరూ నేనూ అనుకుంటాం. 1999లో అమెరికాలో ఇదే గొడవైంది. క్యాస్ట్రాల్ వాళ్లు ముడిచమురునే బాగా శుద్ధి చేసి సింథటిక్ అంటున్నారని మొబిల్ కంపెనీ అక్కడి ప్రకటనల పంచాయితీకి వెళ్లింది. అలా అనుకోవచ్చులే అని పంచాయితీ చెప్పింది. ఆనాటి నుంచి గ్రూప్ 3 అనే ఆ శుద్ధి చేసిన రకమూ సింథటిక్కే. జర్మనీలో మాత్రం 'పూర్తి సింథటిక్' అని రాయాలంటే ల్యాబులో కూర్చిన గ్రూప్ 4, 5 రకాలే కావాలంటారు. గ్రూప్ 3 చెడ్డదని నేననను, మంచిదే, నా బండిలో ఉన్నదీ బహుశా అదే. కానీ నెల్లూరు మొలగొలుకులు అని అచ్చేసిన బస్తాలో ఏ బియ్యముందో మిల్లరుకే తెలిసినట్టు, 'ఫుల్లీ సింథటిక్' డబ్బాలో ఏముందో డబ్బా మీది బంగారు రంగు చెప్పదు. చూడాల్సింది వెనక వైపు, ఏపీఐ అని రాసి పక్కన ఉండే రెండక్షరాలు. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, మన రాష్ట్రానికి సంబంధం లేదు. పెట్రోల్‌కు ఎస్‌తో మొదలవుతాయి: ఎస్ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020 నాటిది. ఎస్ఎన్ అడిగిన బండికి ఎస్‌పీ పోస్తే నిక్షేపంగా నడుస్తుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మా సందు చివర ఒక కుర్రాడున్నాడు. డీజిల్ కారు, టాక్సీ బోర్డు, నెలనెలా ఫైనాన్స్. మద్రాసు ఎయిర్‌పోర్టుకు, తిరుపతికి తిప్పుతాడు. ఆ అబ్బాయి పుస్తకం చదివాడు. సరైన అంకే కొన్నాడు. రంగు అదే, స్టిక్కర్ అదే, మూత అదే, ఒక షాపులో 400 తక్కువకు వచ్చింది. నాయుడుపేట దాటాక బండి ఈల వేసి, పొగ కక్కి, ఆగింది. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది. అది ఇనుము మీద కాదు, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర స్థానంలో ఎవడో వాడి పారేసిన నూనెను వడగట్టి, రంగు కలిపి పోశాడు. విప్పి చూస్తే లోపల తారు. షాపువాడు "బిల్లేది?" అన్నాడు. బిల్లు అడిగితే 400 తగ్గించేవాడు కాదు కదా. కంపెనీ "మా సరుకు కాదు" అంది, నిజమే. బండి మూడు నెలలు షెడ్డులో, కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తేదీన. భార్య గాజులు తాకట్టులోకి వెళ్లాయి.

ఆ డబ్బా నింపినవాడికి అది ఎవరి ఇంజన్‌లోకి పోతుందో తెలుసు. ఖరీదైన కారువాడు షోరూంకు పోతాడు, తన డబ్బా కొనేది కిస్తీ కట్టేవాడేనని తెలుసు. తెలిసే నింపాడు. కల్తీ అని మెత్తగా ఎందుకనాలి? అర్ధరాత్రి హైవే మీద, వెనక సీట్లో ఎవరి పిల్లలో నిద్రపోతుంటే బండి ఆగిపోయేలా చేసినవాడు దొంగ కంటే నీచుడు. దొంగ కనీసం ఇంటికి తాళముంటే కష్టపడతాడు. వీడికి ఖాళీ డబ్బా దొరికితే చాలు.

ఆ ఖాళీ డబ్బా ఎక్కడ దొరుకుతుందో నాకు మొన్న తెలిసింది. మెకానిక్ దగ్గర నా డబ్బా అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. గేటు దగ్గర పాత సామాన్ల బండి ఆగింది. "మూతతో అయితే ముప్పై సార్, మూత లేకపోతే ఐదు" అన్నాడు. స్టిక్కర్ గీతలు పడకుండా ఉందా అని తిప్పి తిప్పి చూశాడు. నేను లోపలికెళ్లి సుత్తి, మూడంగుళాల మేకు తెచ్చి, అతని ఎదుటే డబ్బాకు నాలుగు వైపులా చిల్లులు పొడిచాను.

అన్నం పారబోసినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏంది సార్ ఇది, బంగారంలాంటి డబ్బా."

అతను బండి తిప్పుకుంటుంటే ఎదురింటి మేడ మీద నుంచి కేక వినిపించింది. "ఏమయ్యో, ఇట్టా రా. మా ఇంట్లో రెండున్నాయి. మూతలు కూడా ఉన్నాయి."